హెచ్‌వీడీసీ కన్వర్టర్ల ఎంపిక, ఖర్చు లెక్కలపై ఆదోని–ఎమ్మిగనూరు ఉమ్మడి సభ తీర్మానం

ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, మంత్రాలయం ప్రాంతాల రైతులు, జిన్నింగ్ మిల్లుల వారు, చేనేత సహకార సంఘాల సభ్యులు, విద్యుత్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజినీర్లు ఆదోనిలో ఉమ్మడిగా సమావేశమయ్యారు. రాయలసీమలో తయారయ్యే సౌర, పవన విద్యుత్తును దూర రాష్ట్రాలకు తరలించడానికి హైవోల్టేజ్ డీసీ (హెచ్‌వీడీసీ) లైన్లు వేయదలిస్తే, వాటి కన్వర్టర్లను ఏ ప్రాతిపదిక మీద ఎంచుకోవాలి, ఏది చవక అని ఎలా తేల్చాలి అన్న విషయాన్ని చర్చించి ఆమోదించిన తీర్మానం ఇది.

ఈ సభకు ఈ విషయంతో సంబంధమేమిటని మొదట్లోనే కొందరు సభ్యులు అడిగారు. పత్తి ధర, కాలువ నీళ్లు, వలసలు చాలవా, కన్వర్టర్ల గొడవ మనకెందుకు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చిన్నది: టవర్లు దిగేది మా చేలలో, ట్రాన్స్‌మిషన్ చార్జీలు చేరేది అందరి కరెంటు బిల్లుల్లో. కన్వర్టర్ స్టేషన్ ఎలా కట్టారన్నదాన్ని బట్టి ఈ రెండు భారాలూ పెరగవచ్చు, తగ్గవచ్చు. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు; పెట్టుబడి ఎక్కడ పోతోంది, రాబడి ఎక్కడ చేరుతోంది అని లెక్క అడగడం ఈ ప్రాంతానికి అలవాటే.

ఈ సభ గమనించిన విషయాలు ఇవి.

ఉమ్మడి కర్నూలు జిల్లా ఇప్పటికే కరెంటు పండించే నేల. గని, శకునాల గ్రామాల పరిధిలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. పాణ్యం మండలం పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు చేపట్టారు. ఆలూరు, ఆస్పరి వైపు మెట్టపొలాల్లో గాలిమరలు నిలిచాయి. అంత కరెంటును వాడుకునే కర్మాగారాలు మాత్రం ఇక్కడ లేవు. ఆదోని జిన్నింగ్ మిల్లులు పత్తి సీజన్‌లోనే గట్టిగా నడుస్తాయి. ఎమ్మిగనూరు చేనేత మగ్గానికి కరెంటుతో పనే తక్కువ. మిగిలిన కరెంటు బయటికి పోవలసిందే.

బయటికి పోయే దారి మా పక్కనుంచే ఉంది. 1871లో బొంబాయి నుంచి వచ్చిన రైలుపట్టాలు, మద్రాసు నుంచి ఆదోని మీదుగా వెళ్లిన పట్టాలు రాయచూరులో కలిశాయి. 2013 డిసెంబరు 31న దక్షిణాది విద్యుత్ గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసిందీ ఆ రాయచూరు నుంచే, షోలాపూర్ వెళ్లే 765 కేవీ లైన్ మీద. అంతకు ముందు దక్షిణాదికి బయటి ప్రపంచంతో పెద్ద సంబంధమంతా డీసీ ద్వారానే ఉండేది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలిపోయినప్పుడు మన ఇళ్లలో దీపాలు ఆరకపోవడానికి కారణం అదే. డీసీ లైన్ అవతలి గ్రిడ్ తడబాటును ఇవతలికి రానివ్వదు.

తెలుగు నేలకు హెచ్‌వీడీసీ కొత్త కాదు. దిగువ సీలేరు నుంచి బార్సూర్‌కు 196 కిలోమీటర్ల దూరం, అప్పటికే ఉన్న 220 కేవీ డబుల్ సర్క్యూట్ లైన్‌లో ఒక సర్క్యూట్‌ను డీసీకి మార్చి, 100 కేవీ మీద 100 మెగావాట్లు పంపే ప్రయోగాన్ని భెల్ సంస్థ దేశీయ పరిజ్ఞానంతో చేసింది. ఇప్పుడది పనిచేయడం లేదు. విశాఖ గాజువాకలో 500 మెగావాట్ల బ్యాక్ టు బ్యాక్ (మధ్యలో లైన్ లేకుండా రెండు కన్వర్టర్లూ ఒకే చోట ఉండే) స్టేషన్ 1999లో, దాని పక్కన మరో 500 మెగావాట్ల స్టేషన్ 2005లో వచ్చాయి. 2003లో తాల్చేర్–కోలార్ ±500 కేవీ లైన్ ఒడిశా బొగ్గు కరెంటును ఆంధ్రప్రదేశ్ మీదుగా కర్ణాటకకు చేర్చింది. ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ నుంచి తమిళనాడులోని పుగళూరుకు, సుమారు 1,800 కిలోమీటర్లు, ±800 కేవీ, 6,000 మెగావాట్ల లైన్ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా సాగింది. పుగళూరు నుంచి త్రిస్సూర్‌కు 2021లో నడకలోకి వచ్చిన ±320 కేవీ, 2,000 మెగావాట్ల లైన్ వేరే రకం కన్వర్టర్లతో కట్టింది. ఆ తేడా ఏమిటో కింద వస్తుంది.

ఇక ఖర్చు సంగతి. ఏసీ లైన్ పొడవు పెరిగేకొద్దీ అది మోయగల మెగావాట్లు తగ్గుతాయి. డీసీకి ఆ బెడద లేదు. తీగ ఎంత వేడిని తట్టుకుంటే అంత కరెంటు పోతుంది. రెండు ధ్రువాలకు రెండు తీగల గుత్తులు చాలు, టవర్ కూడా సన్నం. కాని గ్రిడ్ అంతా ఏసీ. సోలార్ పలకలో పుట్టేది డీసీయే అయినా పార్కులోనే ఇన్వర్టర్ దాన్ని ఏసీగా మార్చి పంపుతుంది. కనుక లైన్‌కు ఈ చివర ఏసీని డీసీ చేసే స్టేషన్, ఆ చివర డీసీని ఏసీ చేసే స్టేషన్ కావాలి. తీగలో, టవర్లో ఆదా చేసిన డబ్బు ఈ రెండు స్టేషన్ల దగ్గర ఖర్చవుతుంది. ఓవర్‌హెడ్ లైన్ 600 నుంచి 800 కిలోమీటర్లు దాటితే గాని డీసీ గిట్టుబాటు కాదన్నది ఇంజినీర్లలో స్థిరపడిన అంచనా. ఆ లెక్కన ఆదోని నుంచి హైదరాబాదుకు, బెంగళూరుకు, చెన్నైకి డీసీ లైన్ వేయడం దండగ. ముంబయి సరిహద్దు మీద ఉంది. ఢిల్లీ, హర్యానా, పంజాబ్‌లకు పంపదలిస్తేనే డీసీ ప్రశ్న నిజంగా వస్తుంది.

కన్వర్టర్లలో నేడు వాడుకలో ఉన్నవి రెండు జాతులు. పాతది థైరిస్టర్లనే స్విచ్‌లది. గాజువాక, తాల్చేర్–కోలార్, రాయ్‌గఢ్–పుగళూరు అన్నీ ఇవే. థైరిస్టర్ తెరుచుకోమన్నప్పుడు తెరుచుకుంటుంది గాని మూసుకోమంటే మూసుకోదు. దాని గుండా పోయే కరెంటు సున్నాకు వచ్చినప్పుడే ఆగుతుంది. ఆ పని చేసిపెట్టేది బయటి ఏసీ గ్రిడ్. గ్రిడ్ వోల్టేజీ కుంగితే ఇన్వర్టర్ చివర ఒక థైరిస్టర్ నుంచి మరొక దానికి కరెంటు మారడం తప్పిపోతుంది. దాన్నే కమ్యుటేషన్ ఫెయిల్యూర్ అంటారు. పైగా ఈ కన్వర్టర్ పంపే మెగావాట్లలో 50 నుంచి 60 శాతం మేర రియాక్టివ్ పవర్ అడుగుతుంది. 6,000 మెగావాట్ల స్టేషన్‌కు అది 3,000 నుంచి 3,600 ఎంవీఏఆర్. దానికి కెపాసిటర్ బ్యాంకులు. రెండు ఆరు పల్సుల బ్రిడ్జిల ట్రాన్స్‌ఫార్మర్లను ఒకటి స్టార్–స్టార్, ఒకటి స్టార్–డెల్టాగా పెట్టి 30 డిగ్రీల తేడా తెస్తే 5, 7 హార్మోనిక్స్ పరస్పరం రద్దవుతాయి గాని 11, 13 మిగులుతాయి, వాటికి ఫిల్టర్లు. స్టేషన్ ఆవరణలో చాలా ఎకరాలు, థైరిస్టర్ల పేర్పులైన వాల్వులుండే హాల్ కంటే ఈ ఫిల్టర్ యార్డుకే పోతాయి. ఇన్ని లోపాలున్నా దీని బలం గట్టిది: మెగావాట్‌కు ధర తక్కువ, స్టేషన్‌లో నష్టం 0.8 శాతం ప్రాంతంలో ఆగుతుంది, 6,000 మెగావాట్ల స్థాయిలో దేశంలో అనుభవముంది.

రెండో జాతి ఐజీబీటీలనే ట్రాన్సిస్టర్లది. ఇది తెరుచుకోమన్నా వింటుంది, మూసుకోమన్నా వింటుంది. 1990ల చివర వచ్చిన తొలి స్టేషన్లలో నష్టం 3 శాతం వరకు ఉండేది, అందుకే పెద్ద లైన్లకు పనికిరాదనుకున్నారు. 2000 తర్వాత మ్యూనిక్‌లో రైనర్ మార్క్వార్ట్ ప్రతిపాదించిన మాడ్యులర్ మల్టీలెవల్ కన్వర్టర్ ఆ లెక్కను మార్చింది. వందల చిన్న సబ్‌మాడ్యూళ్లు, ఒక్కొక్క దానిలో ఒక కెపాసిటర్, రెండు ఐజీబీటీలు; వాటిని ఒకదాని తర్వాత ఒకటి కలుపుతూ, తొలగిస్తూ వోల్టేజీని సన్నని మెట్లుగా పేరుస్తుంది. నష్టం 1 శాతం దగ్గరికి దిగింది, పెద్ద ఫిల్టర్ల అవసరం దాదాపు పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 400 మెగావాట్ల ట్రాన్స్ బే కేబుల్ 2010లో దీనితోనే మొదలైంది. పుగళూరు–త్రిస్సూర్ ఐజీబీటీ కన్వర్టర్ల లైనే. ఈ కన్వర్టర్ రియాక్టివ్ పవర్ అడగదు, తానే ఇస్తుంది. చచ్చిన గ్రిడ్‌ను లేపగలదు. కరెంటు దిశ మార్చాలంటే వోల్టేజీ ధ్రువాన్ని తిప్పనక్కర్లేదు.

ఈ రెంటిలో రాయలసీమ చివరకు ఏది సరిపోతుందన్నదే అసలు విషయం. ఏసీ గ్రిడ్ బలాన్ని ఫాల్ట్ లెవెల్‌తో, అంటే షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు గ్రిడ్ అక్కడికి ఎంత పోయగలదన్నదానితో, కొలుస్తారు. దాన్ని డీసీ సామర్థ్యంతో భాగిస్తే 3 పైన వస్తే గట్టి గ్రిడ్, 2 కంటే తక్కువైతే బాగా బలహీనం. 6,000 మెగావాట్ల థైరిస్టర్ స్టేషన్‌కు 18,000 ఎంవీఏ ఫాల్ట్ లెవెల్ కావాలన్నమాట. బొగ్గు కేంద్రంలోని జనరేటర్ ఫాల్ట్ సమయంలో తన సామర్థ్యానికి ఎన్నో రెట్లు కరెంటు ఇస్తుంది. సోలార్ ఇన్వర్టర్ తన రేటింగ్‌ను కొంచెం దాటి ఆగిపోతుంది. రాయచూరు శక్తినగర్‌లో 1,720 మెగావాట్ల థర్మల్ కేంద్రం పక్కనే ఉండడం ఇప్పటికి మేలే. కాని ఆ పాత యూనిట్లు ఒక్కొక్కటే మూతపడే రోజు వస్తుంది, డీసీ లైన్ మాత్రం 35 ఏళ్లు నడవాలి. మెగావాట్‌కు తక్కువ ధర పలికిన థైరిస్టర్ స్టేషన్‌కు అప్పుడు గ్రిడ్‌కు బలమిచ్చే సింక్రనస్ కండెన్సర్లు తెచ్చి పెట్టవలసి వస్తే, ఆ ఖర్చు మొదటి టెండర్లో కనిపించదు.

సోలార్ స్వభావం మరొకటి. ఉదయం ఏడింటికి కొద్దిగా, మధ్యాహ్నానికి నిండుగా, సాయంత్రం ఆరింటికి సున్నా. థైరిస్టర్ కన్వర్టర్ తన సామర్థ్యంలో 10 శాతం కంటే తక్కువలో సాధారణంగా నడవదు. పైకి, కిందికి పోయినప్పుడల్లా ఫిల్టర్లు కలపడం, తీయడం, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులు మార్చడం. రోజూ రెండుసార్లు ఈ పని చేస్తే స్విచ్‌లు, ట్యాప్ చేంజర్లు అరుగుతాయి. రాత్రిళ్లు పంప్డ్ స్టోరేజీలో నీళ్లెక్కించడానికి ఉత్తరాది కరెంటు ఇటు తెచ్చుకోవాలనుకున్నా ఐజీబీటీ కన్వర్టరే సుళువు.

అయితే ఐజీబీటీని గుడ్డిగా మోయడం కూడా ఈ సభ ఉద్దేశం కాదు. ఓవర్‌హెడ్ లైన్ మీద పిడుగు పడి ఫాల్ట్ వస్తే, రెండు ఐజీబీటీల హాఫ్‌బ్రిడ్జ్ సబ్‌మాడ్యూల్ చేతులెత్తేస్తుంది. దానిలోని డయోడ్ల గుండా ఏసీ గ్రిడ్ ఆ ఫాల్ట్‌కు కరెంటు పోస్తూనే ఉంటుంది, ఏసీ బ్రేకర్ తెరిచేదాకా ఆగదు. థైరిస్టర్ కన్వర్టర్ ఆ పనిని గేటు కోణం మార్చి సెకనులో చిన్న భాగంలో ముగించి లైన్‌ను మళ్లీ ఎత్తుకుంటుంది. నాలుగు ఐజీబీటీల ఫుల్‌బ్రిడ్జ్ అయితే తానే ఆపగలదు, కాని ఐజీబీటీలు రెట్టింపు, నష్టమూ ఎక్కువ. రెంటినీ కలిపి వాడడం మధ్యే మార్గం. చైనాలో యున్నాన్ నుంచి గ్వాంగ్సీ, గ్వాంగ్‌డాంగ్‌లకు 2020లో నడక మొదలుపెట్టిన ±800 కేవీ, 8,000 మెగావాట్ల మూడు స్టేషన్ల లైన్‌లో కరెంటు ఎక్కే చోట థైరిస్టర్లు, దిగే రెండు చోట్ల ఐజీబీటీలు పెట్టారు. ఆ ఐజీబీటీ స్టేషన్లలో హాఫ్, ఫుల్ రెండు రకాల సబ్‌మాడ్యూళ్లూ ఉన్నాయి. మా విషయంలో అమరిక దానికి తలకిందులు కావచ్చు. బలహీనమైన ఈ చివర ఐజీబీటీ, బలమైన ఆ చివర థైరిస్టర్ పెడితే మొత్తం ఖర్చు తగ్గుతుందా, లేక అవతల కమ్యుటేషన్ ఫెయిల్యూర్ వచ్చినప్పుడల్లా ఆ దెబ్బ ఇక్కడి గాలిమరల దాకా వస్తుందా అన్నది లెక్కగట్టి తేల్చాలి, అభిప్రాయంతో తేల్చేది కాదు.

సభలో పదవీ విరమణ చేసిన ఒక ఇంజినీరు నల్లబల్ల మీద వేసిన లెక్కను కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాం. 6,000 మెగావాట్ల లైన్‌ను సోలార్‌తోనే నడిపి 25 శాతం వినియోగం వస్తే ఏడాదికి 1,314 కోట్ల యూనిట్లు పోతాయి. వర్షాకాలపు గాలిని, స్టోరేజీని కలిపి వినియోగాన్ని 60 శాతానికి తెస్తే అదే లైన్, అదే కన్వర్టర్ 3,154 కోట్ల యూనిట్లు మోస్తుంది. కన్వర్టర్‌లో ఎంత తెలివైన డిజైన్ వాడినా యూనిట్‌కు ఖర్చును ఇంతగా తగ్గించలేదు. కనుక మొదటి ఆదా వినియోగానికి తగ్గ సైజులో ఉంది, రెండోది కన్వర్టర్ జాతిలో. ఇక నష్టాల సంగతి: రెండు చివర్లు కలిపి థైరిస్టర్‌కు 1.6 శాతం, ఐజీబీటీకి 2 శాతం అనుకుంటే తేడా 0.4. 60 శాతం వినియోగంతో నడిచే ఏడాదిలో అది పన్నెండున్నర కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 3 రూపాయలు వేసుకున్నా దాదాపు 38 కోట్ల రూపాయలు. 35 ఏళ్లకు ఈ మొత్తం చిన్నది కాదు. ఫిల్టర్ యార్డు, కండెన్సర్లు, ట్యాప్ చేంజర్ల మరమ్మతు, కమ్యుటేషన్ ఫెయిల్యూర్‌లో పోయే యూనిట్లు పక్కన రాసుకుంటే ఏ పళ్లెం దిగుతుందో చూడాలి.

ఇక్కడే పెద్ద లొసుగు ఉంది. అంతర్రాష్ట్ర లైన్లను టారిఫ్ పోటీ బిడ్డింగ్‌లో ఇచ్చేటప్పుడు ఏడాదికి ఎవరు తక్కువ ట్రాన్స్‌మిషన్ చార్జీ అడిగితే వారికే పని. లైన్‌లో, కన్వర్టర్‌లో పోయే యూనిట్ల నష్టం ఆ సంస్థది కాదు, కరెంటు వాడుకునేవారిది. టవర్లకు, వాల్వులకు డబ్బు పెట్టేవారు ఒకరు, 35 ఏళ్లు నష్టం మోసేవారు మరొకరు అయినప్పుడు తక్కువ నష్టమిచ్చే కన్వర్టర్‌కు అదనంగా ఖర్చుపెట్టాలన్న బుద్ధి బిడ్డర్‌కు ఎందుకు పుడుతుంది?

పై విషయాలను పరిగణించి ఈ సభ తీర్మానించినది ఏమనగా:

కర్నూలు, అనంతపురం జిల్లాల పునరుత్పాదక విద్యుత్తు కోసం డీసీ లైన్ ప్రతిపాదించే ముందు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, సెంట్రల్ ట్రాన్స్‌మిషన్ యుటిలిటీ కలిసి దాని వినియోగ శాతాన్ని గంటల వారీగా లెక్కగట్టి బహిరంగంగా పెట్టాలి. పిన్నాపురం వంటి స్టోరేజీని, వానాకాలపు గాలిని జత చేయకుండా సోలార్ కోసమే 6,000 మెగావాట్ల స్టేషన్ కట్టడాన్ని ఈ సభ వ్యతిరేకిస్తున్నది.

హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలకు పంపే కరెంటుకు 765 కేవీ, 400 కేవీ ఏసీ లైన్లే వాడాలి. డీసీ మోజులో దగ్గరి దూరాలకు కన్వర్టర్లు కడితే ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందో తెలిసిందే.

టెండర్లో ఫలానా జాతి కన్వర్టరే కావాలని ముందే రాయకూడదు. ఈ చివర ఫాల్ట్ లెవెల్ ఇప్పుడెంత, రాయచూరు థర్మల్ యూనిట్లు ఆగితే ఎంత, ఎంత తక్కువ లోడులో నడవాలి, ఎంత వేగంగా దిశ మారాలి, లైన్ ఫాల్ట్ తర్వాత ఎంత సేపట్లో కోలుకోవాలి అన్నవి రాసి, వాటిని తీర్చే డిజైన్‌ను బిడ్డర్‌నే ఎంచుకోనివ్వాలి. బిడ్లను పోల్చేటప్పుడు హామీ ఇచ్చిన నష్టాలను 35 ఏళ్లకు విలువకట్టి చార్జీకి కలపాలి. ఆ నష్టాలను స్టేషన్ కట్టాక కొలిచి, హామీ దాటితే జరిమానా వేయాలి. ఈ ఒక్క షరతు పెట్టగలిగితే మిగతా వాదనల్లో సగం అవసరముండదని ఈ సభ నమ్ముతున్నది.

స్టేషన్ కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లోకి వస్తే డిజైన్‌లో ఈ నేలను చూడాలి. ఇక్కడ ఎండాకాలంలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటుతుంది. వాల్వులను చల్లబరచే వ్యవస్థ ఆ వేడిలోనూ పూర్తి సామర్థ్యమివ్వాలి. తాగునీటికే కటకటలాడే మండలాల్లో బోరు నీళ్లను ఆవిరి చేసే కూలింగ్ టవర్లు వద్దు, గాలితో చల్లబరచే మూసిన వలయమే వాడాలి. ఆదోని చుట్టూ ఉన్నది గ్రానైటు రాతినేల. ఇలాంటి చోట గ్రౌండ్ ఎలక్ట్రోడ్ పెట్టి ఒక ధ్రువం చెడినప్పుడు కరెంటును భూమిలోంచి తిప్పితే అది ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రళ్లలోకి, పైపులైన్లలోకి దారి వెతుక్కుంటుంది. కనుక చంపా–కురుక్షేత్ర లైన్‌లో చేసినట్లు లోహపు తీగ ద్వారానే తిరుగుదారి ఇవ్వాలి. నల్లరేగడిలో టవర్ పునాది వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నేలకు తగినట్లు ఉండాలి.

దారి హక్కు పరిహారం గురించి. ±500 కేవీ డీసీ లైన్‌కు 52 మీటర్లు, ±800 కేవీకి 69 మీటర్లు, 765 కేవీ డబుల్ సర్క్యూట్ ఏసీకి 67 మీటర్ల వెడల్పు దారి కావాలి. 1,500 కిలోమీటర్ల దూరానికి 6,000 మెగావాట్లు మోయాలంటే ఒక్క 765 కేవీ లైన్ చాలదు. కనుక నిజంగా దూరం పంపేటప్పుడు డీసీయే తక్కువ పొలం తింటుందన్నది రైతులు కూడా ఒప్పుకోవలసిన మాట. అలా ఒప్పుకున్నందుకు నష్టపోకూడదన్నది మా షరతు. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద టెలిగ్రాఫ్ అధికారాలు తెచ్చుకుని చేనులోకి వచ్చే సంస్థకు రైతు ఒప్పుదలతో పనిలేదు; పరిహారం ఒక్కటే రైతు చేతిలో మిగిలేది. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2024 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో టవర్ కింద భూమికి విలువలో 200 శాతం, తీగల కింది దారికి 30 శాతం అని ఉంది. రాష్ట్ర ప్రభుత్వం దీన్ని కర్నూలు జిల్లాలో అమలుచేయాలి, విలువను రిజిస్ట్రేషన్ కార్యాలయపు పాత ధర మీద కాకుండా బజారు ధర మీద కట్టాలి.

ఈ దశలో కొందరు సభ్యులు ఒక సవరణ ప్రతిపాదించారు: మా చేల మీదుగా పోయే ప్రతి డీసీ లైన్ నుంచి మాకు కరెంటు దించాలి అని. తాల్చేర్–కోలార్ లైన్ ఆంధ్రప్రదేశ్ అంతటా సాగినా దానికి స్టేషన్లు తాల్చేర్‌లో, కోలార్‌లో తప్ప లేవన్న బాధ వారి మాటల్లో ఉంది. సభ దీన్ని గంటకు పైగా చర్చించింది. ఇంజినీర్ల వివరణ ఇది: ±800 కేవీ లైన్ నుంచి 50 మెగావాట్లు దించినా, 2,000 మెగావాట్లు దించినా కన్వర్టర్ 800 కేవీకి తట్టుకోవలసిందే, ఇన్సులేషన్ ఖర్చు తగ్గదు. పైగా రాయ్‌గఢ్–పుగళూరు వంటి థైరిస్టర్ లైన్‌లో దిశ మారినప్పుడు వోల్టేజీ ధ్రువం తిరగబడుతుంది. హాఫ్‌బ్రిడ్జ్ ఐజీబీటీ స్టేషన్ దాన్ని భరించలేదు, ఫుల్‌బ్రిడ్జ్ కావాలి. ఆదోని మిల్లులకు వోల్టేజీ బాగుపడాలంటే 220, 132, 33 కేవీ ఏసీ సబ్‌స్టేషన్లు, ఫీడర్లు బలపడాలి, అది ఇంతకంటే ఎన్నో రెట్లు చవక. సవరణ వీగిపోయింది. దాని స్థానంలో సభ ఇలా తీర్మానించింది: లైన్ మొదలయ్యే కన్వర్టర్ స్టేషన్ ఏసీ బస్‌బార్ నుంచి ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు సబ్‌స్టేషన్లకు 220 కేవీ కనెక్షన్లను అదే ప్రాజెక్టులో భాగంగా ఏపీ ట్రాన్స్‌కో చేపట్టాలి. కొత్తగా వేసే డీసీ లైన్‌లో ముందుముందు మూడో స్టేషన్ చేర్చడానికి వీలుగా కంట్రోల్, స్థలం, వోల్టేజీ ధ్రువం విషయంలో వెసులుబాటు ఉంచాలి.

చార్జీల పంపకం విషయంలో సభ ఒక్క మాటే చెబుతున్నది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2020 నిబంధనల ప్రకారం చాలా హెచ్‌వీడీసీ లైన్ల చార్జీలో 30 శాతం దేశమంతా, మిగిలిన 70 శాతం కరెంటు అందుకునే ప్రాంతం వారు భరిస్తారు. ఇక్కడినుంచి పోయే లైన్‌కు ఆ సూత్రం ఇలాగే ఉండాలి. రాత్రిళ్లు కొన్ని గంటలు కరెంటు ఇటు తిరిగినంత మాత్రాన దక్షిణాదిని అందుకునే ప్రాంతంగా లెక్కగట్టరాదు.

కన్వర్టర్ కంట్రోల్ వ్యవస్థ 15, 20 ఏళ్లకే పాతబడుతుంది. సీలేరు–బార్సూర్‌లో దేశీయంగా నేర్చుకున్న పని కొనసాగి ఉంటే నేడు మన చేతిలో ఎంత అనుభవం ఉండేదో చెప్పనక్కర్లేదు. అందువల్ల విడిభాగాలు, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ 35 ఏళ్లు అందించే బాధ్యతను కాంట్రాక్టులో రాయాలని, స్టేషన్ నిర్వహణలో ఈ జిల్లా ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులకు శిక్షణ, ఉద్యోగాల్లో ముందు చోటు ఇవ్వాలని ఈ సభ కోరుతున్నది. మిరప కోతలకు గుంటూరు వైపు బస్సెక్కే కుటుంబాల పిల్లలు ఈ స్టేషన్లో కంట్రోల్ రూం కుర్చీలో కూర్చోవడం అసాధ్యమేమీ కాదు.

సవరణ వీగిన తర్వాత తీర్మానం మెజారిటీతో నెగ్గింది. సవరణకు ఓటు వేసినవారిలో కొందరు తుది ఓటింగ్‌లో తటస్థంగా ఉన్నారు. ప్రతులను కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖకు, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థకు, సెంట్రల్ ట్రాన్స్‌మిషన్ యుటిలిటీకి, ఏపీ ట్రాన్స్‌కోకు, జిల్లా కలెక్టర్‌కు పంపాలి. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి కార్యాలయం కర్నూలులోనే దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది కనుక అక్కడికి మాత్రం తపాలాలో పంపకుండా ఆదోని, ఎమ్మిగనూరుల నుంచి ఇద్దరిద్దరు ప్రతినిధులు స్వయంగా వెళ్లి, నష్టాల విలువను బిడ్డుకు కలపాలన్న డిమాండ్‌ను ముందుగా విన్నవించి, రశీదు తీసుకురావాలని సభ నిర్ణయించింది.